బోర్లించిన రోలు

మధ్యాహ్నం రెండు గంటలకి భోజనం. అతిథులు నలభై రెండు మంది. తెక్లా బోర్దాస్ బస్సు దిగేసరికి పదకొండూ ఇరవై అయింది. పొద్దుట్నుంచి ఆమె ఏమీ తినలేదు. కాన్ మిరాంబెల్ హోటల్లో భోజనానికి పిలుపు అందుకున్న మనిషి ఇంట్లో రొట్టెముక్క తిని కడుపు పాడుచేసుకోదు. అయితే తొమ్మిదీ నలభై అయిదుకి ఆ పిలిచిన మనిషే ఫోన్ చేసి భోరుమంటుందని ఆమె అనుకోలేదు.

"వెనక గుమ్మం నుంచి రా. ఎవరితోనూ అనకు," అంది ఫోన్‌లో రెమేయ్.

వెనక సందులో నడుస్తుంటే చెప్పులో గులకరాయి దూరింది. హోటల్ వెనక గుమ్మానికి ఎదురుగా ఉన్న చిన్న ఇంటి మెట్టు దగ్గర ఆగి, జెరేనియం పూలకుండీ మీద చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి రాయి దులుపుకుంది. కుండీలో మన్ను తడిగానే ఉంది, పువ్వులు మాత్రం తలలు వేలాడేశాయి. మే నెల ఎండ అప్పుడే ఇంత పని చేస్తోందా అనుకుని తెక్లా సందు దాటింది.

తెక్లాకి అరవై ఒకటి. జిరోనాలో ఇరవై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఇప్పుడు సొంతంగా అపరాధ పరిశోధన చేస్తోంది. రెమేయ్ మిరాంబెల్ ఆమెతో కలిసి చదువుకుంది, తండ్రి పోయాక ముప్పై ఏళ్లుగా ఈ వంటగదిని నడుపుతోంది. ఆరు బల్లల జాలరుల పూటకూళ్ళ ఇల్లు ఆవిడ హయాంలోనే, ఆరు నెలల ముందు పేరు రాయించుకుంటే గానీ కుర్చీ దొరకని చోటు అయింది.

తలుపు తీసిన రెమేయ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా కొంప మునిగిందే తెక్లా. అల్యోలి విరిగింది!"

"ఉల్లిపాయలు తరిగి ఏడ్చావనుకున్నా. ఎన్నిసార్లు విరిగింది?"

"మూడుసార్లు."

తెక్లా ముఖంలో నవ్వు పోయింది. వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె తప్ప ఇంకేమీ వెయ్యకుండా రోట్లో నూరి నూరి వెన్నలా చేసే ముద్ద అది. చెయ్యి మారినా, తిప్పే దిక్కు మారినా నూనె విడిపోయి నీళ్లవుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి ఒకసారి విరిగితే నవ్వుకుంటారు. రెమేయ్‌కి మూడుసార్లు విరిగిందంటే పడమటి దిక్కున పొద్దు పొడిచినట్టే.

"నా చెయ్యి మీద అనుమానం రాలేదు. రోలు మీద వచ్చింది. చుట్టూ కట్టిన గుడ్డ తీసి వెలుగులో చూస్తే అది మన రోలు కాదు. ఎవడో చెక్కించిన నకలు. బయట మరకలు పెట్టి పాతదానిలా చేశాడు, లోపల మాత్రం జారుడుబండ."

అసలు రోలు కథ తెక్లాకే కాదు, ఆ తీరం పొడుగునా అందరికీ తెలుసు. రెమేయ్ తండ్రి బర్తోమెవ్ మిరాంబెల్ 1964లో ఈ ఇల్లు తెరిచినప్పుడు, పడగొట్టిన ఏదో మఠంలోంచి ఆ పాలరాతి రోలు తెచ్చాడని చెబుతారు. కోడి, లాబ్‌స్టర్ కలిపిన ఆయన కూర కోసం దేశదేశాల నుంచి జనం వచ్చారు. ఆ కూరలో చివర కలిపే బాదం, కుంకుమపువ్వు, వెల్లుల్లి ముద్దని ఆ రోట్లోనే నూరేవారు. అరవై ఏళ్లు వంటగట్టు గచ్చులో పాతుకుని ఉన్న ఆ రోలుని మొన్న గురువారం తాపీమేస్త్రి పెకలించాడు. ఇవాళ ఈ ఇంటి అరవయ్యో పుట్టినరోజు భోజనం అయ్యాక, నాలుగు గంటలకి అది మ్యూజియంకి వెళ్లిపోవాలి.

"రాత్రి తలుపులు వేసేటప్పుడు అసలుదే ఉందా?"

"నేనే తడిమి చూసుకున్నా. రాత్రంతా అలారం ఉంది. పొద్దున్న ఏడింటికి తీశాం. ఏడుకీ తొమ్మిదిన్నరకీ మధ్యే జరిగింది. పోనీలే రోలు పోతే పోయింది అనుకునేదాన్ని. వాడు నా దగ్గర వంట చేసే నిల్‌ని పట్టుకున్నాడు."

"ఎవడు?"

"నేనండీ," అంటూ వంటగదిలోకి వచ్చాడు బ్లాయ్ సెంతెల్యెస్. అతనికంటే ముందు అతని సెంటు వచ్చింది.

బార్సిలోనా పేపర్లలో వారానికోసారి బొమ్మ పడే డిటెక్టివ్ ఇతనే. రోలుని భద్రంగా చేర్చే పని మ్యూజియంవాళ్లు ఇతనికి అప్పగించారు. ముప్పై ఎనిమిదేళ్ళు, నలగని కోటు, చేతిలో టాబ్లెట్.

"తెక్లా గారా! మీరు పూలమొక్కలు పెంచుకుంటున్నారని విన్నానే."

"పెంచుతున్నా నాయనా. నీ సెంటు వాసనకి అవీ వాడిపోయేలా ఉన్నాయి. అల్యోలి ఎందుకు విరిగిందో ఇప్పుడర్థమైంది."

రెమేయ్ అంత బాధలోనూ ముసిముసిగా నవ్వింది. బ్లాయ్ నవ్వలేదు.

"కేసు అయిపోయింది. ఈ నకలుని చెక్కించింది నిల్. శిల్పి ఇచ్చిన రసీదు అతని కోటు జేబులో దొరికింది. ఎనిమిదీ ముప్పై అయిదుకి పెట్టెతో బయటికి వెళ్లడం కెమెరాలో ఉంది. అతన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టాను. రెమేయ్ గారు బతిమాలారని ఒంటిగంట దాకా ఆగుతున్నా. రోలు ఎక్కడుందో చెప్పకపోతే పోలీసులకి ఫోన్ చేస్తా."

గడియారంలో పదకొండూ నలభై.

రెమేయ్ స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. "నాకు పిల్లల్లేరు. మోకాళ్ళు మూలపడ్డాయి. ఇవాళ భోజనం అయ్యాక నా ఏప్రన్ విప్పి అందరి ముందూ నిల్ నడుముకి కట్టాలనుకున్నా. పదకొండేళ్ళు నా పక్కన నిలబడ్డ మనిషి. పోలీసులొచ్చి చేతులకి బేడీలు వేస్తే ఏప్రన్ ఎలా కట్టనే? ఈ వంటగది ఎవరికివ్వను?"

"ముందు ఆ చోటు చూపించు," అంది తెక్లా.

వంటగట్టు మీద రోలు పెకలించిన గుంట నోరు తెరుచుకుని ఉంది. పక్కన నకలు రోలు, అందులో మూడోసారి విరిగిన అల్యోలి. తెక్లా వేలు ముంచి నాకి, మొహం చిట్లించి, ఆకలి కొద్దీ మళ్లీ నాకింది. గుంట చుట్టూ చూసింది. గురువారంనాటి సున్నం పొడి ఇంకా ఉంది. గట్టుకి ఆనించి ఒక పీట, పీట పక్కన దానికంటే పొట్టి పెట్టె ఒకటి, మెట్లు పేర్చినట్టు. పీట మీద తెల్లటి గీత ఉంది.

"రోలు బరువెంత?"

"పన్నెండు కిలోలు," అన్నాడు బ్లాయ్. "మొగవాడే ఎత్తాలి."

"ఎత్తేవాడికి పీటలెందుకు? ఇక్కణ్ణుంచి అక్కడికీ, అక్కణ్ణుంచి కిందికీ జరుపుకుంటూ పోయారు. సరే, అది పక్కన పెడదాం. రెమేయ్, ఈ రోలుని అసలు గచ్చులో పాతిందెందుకు?"

"కదిలితే రుచి పోతుందని నాన్న అనేవాడు."

"మా నానమ్మ రోలుని ఒళ్ళో పెట్టుకుని వీధిలో కూర్చునేది. నూరడం అయ్యాక నలుగురినీ పిలిచి రోలు బోర్లించేది. చుక్క కింద పడకపోతే ఆ పూట ఆవిడ రాణి. అల్యోలి నూరే మనిషి ఎవరైనా ఆ గొప్ప చూపించుకోకుండా ఉంటారా? మీ నాన్నకి గొప్పలంటే ఇష్టం లేదా?"

"నాన్నకా!" అంది రెమేయ్. "అద్దంలో కనిపించినవాడికి కూడా గొప్పలు చెప్పేవాడు."

"అలాంటి మనిషి బోర్లించడానికి వీల్లేకుండా రోలుని పాతాడు. నాకది మింగుడుపడటంలేదు."

"చరిత్ర పాఠాలు తర్వాత చెప్పుకోండి," అన్నాడు బ్లాయ్, గడియారం చూపిస్తూ.

రోలుని పట్టుకుపోయిన దొంగ రోకలిని వదిలేశాడు. జానెడు పొడవున్న చెక్క రోకలి, అరవై ఏళ్ల నూనె తాగి గంధం రంగు తేలింది. తెక్లా దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. ఎక్కడో తేడాగా ఉంది. బొటనవేలు ఆనే చోట గట్టు తగులుతోంది, పల్లం అవతలి వైపు ఉంది. చెయ్యి మార్చి ఎడమచేత్తో పట్టుకుంది. పాత చెప్పులో పాదం దూరినట్టు సరిగ్గా అమిరింది.

ఆమె రోకలిని చేతిసంచిలో పడేసుకుంది.

ఆఫీసు గదిలో నిల్ సెర్దా కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, చేతుల నిండా వంటగది మచ్చలు. తెక్లాని చూడగానే లేచాడు.

"కూర అడుగంటుతోందేమో చూశారా? ఉల్లిపాయలు సన్న సెగ మీద పెట్టి వచ్చాను. ఆ డిటెక్టివ్ నన్నిక్కడ బంధించి గంటన్నరయింది."

"జైలుకి పోబోతూ ఉల్లిపాయల గురించి అడుగుతున్నావా?"

"జైలుకి పోతే నేనొక్కణ్ణే పోతాను. ఉల్లిపాయలు మాడితే నలభై రెండు మంది పోతారు."

తెక్లాకి అతను ఒక్కసారిగా నచ్చేశాడు. "నకలు ఎందుకు చేయించావు?"

"రెమేయ్ గారికి కానుక. అసలుది మ్యూజియంకి పోతే ఆవిడ చెయ్యి ఊరికే ఉండదు. సోమవారం తెచ్చి దినుసుల గదిలో పిండి బస్తాల వెనక దాచా. ఎవరికీ చెప్పలేదు."

"ఆ గదిలోకి ఎవరు వెళ్తారు?"

"అందరూ. పొద్దున్నే అయితే మొదట వెళ్లేది క్విటేరియా అత్త. వెల్లుల్లి ఆవిడే తీస్తుంది."

"ఎనిమిదీ ముప్పై అయిదుకి పెట్టె ఎక్కడికి?"

"చేపల వేలానికి. లాబ్‌స్టర్లు ఆ పెట్టెలోనే తెచ్చా. కావాలంటే వాటినే అడగండి, ఇంకా బతికే ఉన్నాయి."

తెక్లా బయటికొచ్చి బ్లాయ్ టాబ్లెట్ లాక్కుంది. "నీ సినిమా చూపించు."

అతను ఒక్కొక్కటీ గర్వంగా చదివాడు. "ఏడూ పదిహేను, నిల్ వ్యాన్‌లో వచ్చాడు. ఏడూ నలభై, ముసలావిడ సంచి బండి లాక్కుంటూ బజారుకి వెళ్లింది. ఎనిమిదీ ముప్పై అయిదు, నిల్ పెట్టెతో బయటికి. ఎనిమిదీ యాభై, ముసలావిడ తిరిగొచ్చింది. తొమ్మిదీ ఇరవై, నిల్ పెట్టెతో లోపలికి."

"నిల్ వెళ్లేది మళ్లీ చూపించు. పెట్టె ఎక్కడ పెట్టుకున్నాడు?"

"చంకలో."

"పన్నెండు కిలోల రాయిని చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్తున్నాడా?"

"బలశాలి."

"ఇప్పుడు ముసలావిడది చూపించు."

బ్లాయ్ కళ్ళు పైకి తిప్పాడు. "ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు! అరవై ఏళ్లుగా గిన్నెలు కడుగుతూ, వెల్లుల్లి ఒలుస్తూ బతికింది. సరే చూడండి, మీ సరదా."

మెట్ల వరకే కనిపిస్తున్న తెరమీద క్విటేరియా రెండు చక్రాల సంచి బండిని గుమ్మం మెట్లు దింపుతోంది. వెనక్కి తిరిగి, రెండు చేతులతో పట్టుకుని, ఒక మెట్టు దింపి ఆగింది. ఊపిరి తీసుకుని ఇంకో మెట్టు దింపింది. చక్రం మెట్టు మీద పడ్డప్పుడు సంచి ఒక్కసారి కిందికి సాగింది. ఎనిమిదీ యాభైకి తిరిగొచ్చినప్పుడు అదే బండిని ఒంటిచేత్తో ఎత్తి గుమ్మం దాటించింది. సంచిలోంచి కొత్తిమీర లాంటి ఆకుకూర కట్ట ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

"దీన్ని ఎన్నిసార్లు చూశావు?" అంది తెక్లా.

"పదిసార్లు."

"పదిసార్లూ వ్యాన్‌లో ఉన్న మొగాణ్ణే చూశావు. అబ్బాయీ, మీ అమ్మ బజారుకి వెళ్లేటప్పుడు సంచి బరువుగా తీసుకెళ్లి, వచ్చేటప్పుడు తేలిగ్గా తెస్తుందా?"

బ్లాయ్ ఆ ముక్కని మళ్లీ నడిపి చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పన్నెండూ ఇరవై అయింది. తెక్లా బల్ల మీదున్న పుస్తకం తెరిచింది. ఇవాళ విడుదల కావలసిన ఇంటి చరిత్ర. మొదటి పేజీలోనే నల్లటి మీసాలతో బర్తోమెవ్, కుడిచేత్తో రోకలి పట్టుకున్న ఫోటో. కింద ఆయన మాట: 'ఇరవై ఏళ్లు ప్రతి ముద్దా ఈ కుడిచేత్తోనే నూరాను.'

తెక్లా పుస్తకం మూసి పెరట్లోకి నడిచింది.

నిమ్మచెట్టు కింద పీట మీద కూర్చుని క్విటేరియా వెల్లుల్లి ఒలుస్తోంది. పిట్టంత మనిషి, నల్ల గౌను, తెల్లటి ముడి. కత్తి ఎడమచేతిలో ఆడుతోంది.

"నువ్వేనా ఆ పోలీసుపిల్లవి?" అంది తలెత్తకుండా. "చిక్కిపోయావు. తిన్నావా?"

"లేదమ్మా. మీ అల్యోలి కోసం ఆగాను."

"రెమేయ్‌ది."

"మీదేనమ్మా." తెక్లా పక్కన కూర్చుని సంచిలోంచి రోకలి తీసి ముసలామె ఒళ్ళో పెట్టింది. "దీని పల్లంలో నా ఎడమచెయ్యి సరిగ్గా కూర్చుంది. బర్తోమెవ్ గారు కుడిచేతివాటం. రెమేయ్‌దీ కుడిచెయ్యే, అయినా ఈ పాత పల్లం చెరగలేదు. ఈ ఇంట్లో పుర్రచెయ్యి ఎవరిదో వెతికా. వెల్లుల్లి ఒలిచేచోట దొరికింది."

క్విటేరియా కత్తి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "రోకలికేం తెలుసు."

"బజారులో ఏం కొన్నారు పొద్దున్న?"

"పార్స్‌లీ."

"గంటా పది నిమిషాలు ఒక్క కట్ట కోసమా?"

"ఇప్పటి పార్స్‌లీ మంచిది దొరకడంలేదు. బేరమాడాలి."

"వెళ్లేటప్పుడు బండిలో ఏముంది?"

"నా వయసు."

తెక్లా పకపకా నవ్వింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కగా అబద్ధమాడిన మనిషి ఆమెకి తగల్లేదు. అయినా గడియారం ఆగడంలేదు కదా.

"అమ్మా, ఒంటిగంటకి పోలీసులు నిల్‌ని పట్టుకుపోతారు. రోలు అతనే దొంగిలించాడంటున్నారు. ఇవాళ ఏప్రన్ కట్టించుకోవలసిన మనిషి ఆఫీసు గదిలో బందీగా ఉన్నాడు."

కత్తి నేలమీద పడింది.

"నిల్‌నా? కొట్టుకి ఏదో తేవడానికి వెళ్లాడన్నారే! వాడికేం తెలుసు? అయ్యో నా తండ్రీ!" ముసలామె పీట మీద నుంచి ఒక్క ఉదుటున లేచింది. "ఎక్కడా సెంటువాడు? పద, పద, నేనే చెబుతా."

"ఎక్కడుందమ్మా రోలు?"

"వీధిలోనే ఉంది. దాన్ని ఎవరైనా దాస్తారా? ఎదురుగా మా గుమ్మం ముందుంది."

తెక్లా నుదురు కొట్టుకుంది. ఆ సందులో పగిలిన రోలు, పనికిరాని రోలు ప్రతి గుమ్మం ముందూ పూలకుండీ అయి కూర్చుంటుంది. అందుకే ఎవరూ తలతిప్పి చూడరు. ఎండ ఏ తప్పూ చెయ్యలేదు. పొద్దున్నే పీకి నాటిన మొక్క కాబట్టే జెరేనియం తల వాల్చింది. పొద్దుట్నుంచీ అందరూ గుండెలు బాదుకుంటున్న రోలు మీద చెయ్యి ఆనించే తను రాయి దులుపుకుంది!

పన్నెండూ నలభైకి నిల్, రెమేయ్, తెక్లా ముగ్గురూ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని మన్ను తీస్తున్నారు. ఆఫీసు గదిలోంచి బయటపడ్డ నిల్ ముందు ఉల్లిపాయలు చూసుకుని మరీ వచ్చాడు. జెరేనియంని ఒక బకెట్లో పెట్టారు.

"ఎందుకత్తా?" అంది రెమేయ్. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ గొంతులో ఏడుపే వచ్చింది. "నన్నడిగితే ఇవ్వనా?"

"దాన్ని అద్దాలపెట్టెలో పెడతానంటివి. పక్కన బోర్డు మీద మీ నాన్న బొమ్మ. కొత్తది చూశాక నాకు బుద్ధి పుట్టింది. మ్యూజియంవాళ్లకి చూసుకోవడానికి ఏ రాయైతేనేం? నువ్వు కొత్తదాంట్లో నూరతావని అనుకోలేదు. మ్యూజియం పెట్టెలోకి తిన్నగా పోతుందనుకున్నా."

"అయితే దొంగతనం ఒప్పుకున్నట్టే," అన్నాడు వెనకనుంచి బ్లాయ్. ఫోన్ చెవి దగ్గర్నుంచి దించాడు. "ఒంటిగంట దాకా ఆగితే మీరు దాన్ని ఇంకెక్కడికి మారుస్తారో నాకేం తెలుసు? పోలీసులకి చెప్పేశాను, బయల్దేరారు. నిల్ కోసం కాకపోతే ఈవిడ కోసం. మ్యూజియంకి రాసిచ్చిన వస్తువుని దాచడం నేరం. నేను కాగితం ప్రకారం పోతాను."

నిల్ లేచి అతని ఎదుట నిలబడ్డాడు. "ఆవిడ మీద చెయ్యి వేస్తే..."

"కూర్చో నాయనా, కోటు నలుగుతుంది అతనిది," అంది క్విటేరియా. "నేను దొంగతనం చెయ్యలేదు."

"మరి ఏం చేశారు?" అంది తెక్లా మెల్లిగా.

"అది చెప్పను. బర్తోమెవ్‌కి మాటిచ్చా. అతను పోయినా మాట పోలేదు." ముసలామె రోలు అంచు మీద మన్ను గౌను అంచుతో తుడిచింది. "ఒక్కటడుగుతా. ఇవాళ అల్యోలి నేను నూరతా. అందరి ముందూ. నూరాక బోర్లిస్తా. అరవై ఏళ్లయింది బోర్లించి. ఆ తర్వాత పోలీసుల బండెక్కమంటే ఎక్కుతా."

తెక్లా ఆమె వైపు చూసింది. తర్వాత రోలు వైపు చూసింది. అడుగున సున్నం పెచ్చులు మందంగా అంటుకుని ఉన్నాయి. వంటగదిలో మింగుడుపడని ముద్ద ఆమెకి ఇప్పుడు హాయిగా దిగింది. ముఖం వెలిగిపోయింది.

"రెమేయ్, దీన్ని వేడినీళ్ళతో, నిమ్మకాయతో కడగండి. అడుగు మాత్రం గట్టిగా బ్రష్ పెట్టి రుద్దు నిల్. గుడ్డ చుట్టి తీసుకురా. చదవకు. నా మీద ఒట్టు, చూడకుండా రుద్దు."

"ఏముంది అడుగున?" అన్నాడు బ్లాయ్.

"కాగితం," అంది తెక్లా. "నువ్వు దాని ప్రకారమే పోతానన్నావుగా."

రెండూ పది. అతిథులు కూర్చున్నారు. ఇద్దరు పోలీసులు, ఒక ఆడమనిషి, ఒక కుర్రాడు, తలుపు దగ్గర టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. వంటగదిలోంచి కూర వాసన వస్తుంటే కుర్రాడు గుటకలు మింగుతున్నాడు. హాలు మధ్యలో కుర్చీ మీద క్విటేరియా, ఆమె మోకాళ్ళ మధ్య రోలు.

"ఇదేమిటి రెమేయ్ గారూ, ఈవిడెవరు?" అని ఎవరో గుసగుసగా అడిగారు. అరవై ఏళ్లుగా వాళ్ళు తిన్న రుచి ఈమెదని వాళ్లకి తెలీదు.

ఉప్పు, వెల్లుల్లి పడ్డాయి. ఎడమచెయ్యి తిరగడం మొదలైంది. రెమేయ్ పక్కనే వంగి నూనె చుక్కచుక్కగా పోస్తోంది. మొదట్లో దగ్గులు, కుర్చీల చప్పుడు. పది నిమిషాలకి అవీ ఆగిపోయాయి. రోకలి ఒకే దిక్కుకి, ఒకే వేగంతో తిరుగుతోంది. చప్పుడు కూడా మారుతోంది, మొదట గరగర, తర్వాత మెత్తగా. ఎనభై నాలుగేళ్ల చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. తెక్లాకి వాళ్ళ నానమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, ఆకలికి కడుపు కూడా గట్టిగా మూలిగింది. పక్కనున్న పోలీసు కుర్రాడు అది తనదేనేమో అని సిగ్గుపడ్డాడు.

రెండూ ముప్పై అయిదుకి క్విటేరియా రోకలి వదిలేసింది. అది ముద్దలో నిటారుగా నిలబడింది. హాలంతా 'ఓ' అంది.

"ఎత్తండి," అంది ముసలామె.

నిల్ ఒకవైపు, రెమేయ్ ఒకవైపు పట్టుకున్నారు. రోకలి తీసేసి, రోలుని జనం తలల ఎత్తుకి లేపి, నెమ్మదిగా తిప్పారు. ఎనభై పైగా కళ్ళు రోలు నోటి మీదే ఉన్నాయి, పడుతుందా పడదా అని. పూర్తిగా బోర్లపడింది. చుక్క రాలలేదు.

చప్పట్లు మోగాయి. ఇప్పుడు పైకి తిరిగిన అడుగు మీదికి చూసింది తెక్లా ఒక్కతే. ఆమె బ్లాయ్ మోచెయ్యి పట్టుకుని ముందుకు తోసింది.

"నువ్వు పొడుగ్గా ఉన్నావు. అక్కడేం రాసుందో అందరికీ వినబడేలా చదువు."

బ్లాయ్ మునివేళ్ల మీద లేచాడు. శుభ్రంగా రుద్దిన పాలరాయి మీద ఉలితో చెక్కిన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

"క్విటేరియా ఫొంత్," అని చదివాడు. "నా కూతురికి. 1958."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఈ ఇల్లు తెరిచిందెప్పుడు?" అంది తెక్లా పోలీసులవైపు తిరిగి. "1964లో. దానికి ఆరేళ్ళ ముందే ఈ రోలుకి యజమాని ఉంది. మఠమూ లేదు, ఏమీ లేదు. వాళ్ళమ్మ పేరు చెక్కించి ఇచ్చింది. తన రోలుని తన గుమ్మం ముందు పెట్టుకున్న మనిషిని ఏ నేరం కింద తీసుకెళ్తారో మీరే చెప్పండి."

ఆడపోలీసు చేతిలో టోపీ బల్లమీద పెట్టింది. "నేరం కనబడటం లేదు. రెండు కుర్చీలు కనబడుతున్నాయి. కూర్చోవచ్చా?"

అందరూ నవ్వారు. రెమేయ్ నవ్వలేదు. రోలుని దింపి, ముసలామె ముందు నేలమీద కూర్చుంది, మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయి.

"వంట నీదా అత్తా? కోడికూర, అల్యోలి, నాన్నవని చెప్పి నువ్వు నాకు నేర్పినవన్నీ?"

"నేను చెప్పలేదుగా. రోలు చెప్పింది," అంది క్విటేరియా. కళ్ళలో చిలిపిదనం, దాని వెనక నీళ్ళు. "వంట నాది, వాకిలి మీ నాన్నది. బోర్డు మీద ఆడదాని పేరుంటే ఎవడూ రాడన్నాడు. ఆ రోజుల్లో నిజమే అయ్యుండొచ్చు. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అంటుండగానే మొదటి ఏడే పేరొచ్చేసింది. పేరొచ్చాక భయమేసింది అతనికి. అడుగున నా పేరు కనబడకుండా రోలుని గచ్చులో పాతించేశాడు. చెడ్డవాడు కాడే పిల్లా. రోజూ రాత్రి మొదటి పళ్ళెం నాకే పెట్టేవాడు."

రెమేయ్ లేచింది. నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పింది. అందరూ నిల్ వైపు చూశారు, నిల్ తలవంచుకున్నాడు. రెమేయ్ మాత్రం ముసలామె దగ్గరకి వెళ్లి, ఆ పిట్టంత నడుముకి రెండు చుట్లు చుట్టి ముడివేసింది.

"ముప్పై ఏళ్లుగా నీ వస్తువు నా దగ్గరుండిపోయింది అత్తా."

అప్పుడు మాత్రం క్విటేరియా ఏడ్చింది. అల్యోలిలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుని మరీ ఏడ్చింది. ఏడుపయ్యాక ఎడమచేత్తో ముడి విప్పి నిల్‌ని వేలితో పిలిచింది.

"ఇటు రా. వంగు. నాకు వంగే ఓపిక లేదు." ఏప్రన్ అతని నడుముకి కట్టి గట్టిగా లాగింది. "ఉల్లిపాయలు మాడలేదుగా?"

"లేదత్తా," అన్నాడు నిల్, ముడి సర్దుకుంటూ.

తెక్లా అప్పటికే రొట్టెముక్కని అల్యోలిలో ముంచేసింది. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పుస్తకం మొదటి పేజీ మళ్లీ అచ్చు వెయ్యాలన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బ్లాయ్ ఒక్కడే మధ్యలో నిలబడ్డాడు, టాబ్లెట్ చంకలో పెట్టుకుని. "నాలుగింటికి మ్యూజియం బండి వస్తుంది," అన్నాడు దిగులుగా. "వాళ్లకి ఏం పంపమంటారు?"

క్విటేరియా అతనికి కూడా ఒక రొట్టెముక్క అందించింది.

"ఆ కొత్తది పంపించు నాయనా. దానికెలాగూ వంట రాదు."